ఎండాకాలానికి దూది లేని బొంత

మా హన్మకొండలో మే నెల అంటే పగలు 42, 43 డిగ్రీలు. రాత్రి పడుకునేటప్పుడు ఒంటి మీద ఏదీ ఉండొద్దనిపిస్తుంది. తెల్లవారుజామున మూడు, నాలుగింటికి మాత్రం కూలర్ తడిగాలికి కాళ్ళు ముడుచుకుంటాం. చలికాలం బొంత కప్పుకుంటే చెమట, ఉత్త దుప్పటి కప్పుకుంటే గాలికి ఎగిరి పక్కకు పోతుంది. షాపుల్లో అమ్మే ఏసీ కంఫర్టర్లలో చాలావాటికి లోపల పాలిస్టరే. తేలిగ్గా ఉంటాయి గానీ చెమట పీల్చవు. అందుకే నేనే కుట్టుకుందామని కూర్చున్నాను.

"ఎనుమాముల మార్కెట్‌కు బండ్లకొద్దీ పత్తి వచ్చే ఊర్ల ఉండి, దూది లేని బొంత ఏందక్కా?" అని మా తమ్ముడు ఒకటే నవ్వు. కానీ బొంతలో వేడి నిలిచేదే దూది వల్ల. పోగుల మధ్య ఇరుక్కున్న గాలి బయటికి కదలదు. ఎండాకాలానికి మూడు పొరల గుడ్డ చాలు. పైగా ఉతికినప్పుడు ఒక మూలకు జరిగి గడ్డకట్టేది లోపల ఏమీ లేదు కాబట్టి కుట్లు ఎడంగా వేసుకోవచ్చు.

అసలు పనంతా గుడ్డ ఎంచుకోవడంలోనే ఉంది. కొత్త మల్‌మల్ (పల్చటి నూలు గుడ్డ) కొనొచ్చు గానీ, ఏళ్ళ తరబడి ఉతికిన కాటన్ చీర మెత్తదనం దానికి రాదు. అయిదున్నర మీటర్ల చీరను సగానికి మడిస్తే దాదాపు తొమ్మిది అడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పుతో రెండు పొరలు వస్తాయి. ఒక మనిషికి సరిపోతుంది. మధ్య పొరకు మామయ్య పాత ధోతి పెట్టాను. చీరను ముందు వెలుగుకు ఎత్తి చూడాలి, తర్వాత రెండు బొటనవేళ్ళతో పట్టి గుంజాలి. పర్రుమంటే అది బొంతకు పనికిరాదు. ఫాల్ విప్పితే దాని కింద చీర కొన్ననాటి రంగు అట్లాగే ఉంది. మిగతాదంతా వెలిసిన నీలం, ఆ పట్టీ ఒక్కటి ముదురు నీలం. దాన్ని కావాలనే పైకి కనిపించేలా పెట్టుకున్నాను. జరీ అంచుంటే మాత్రం కోసెయ్యాలి, మెడకు గీరుకుంటుంది.

గంజి పోయేదాకా గోరువెచ్చని నీళ్ళలో ఉతికి ఇస్త్రీ చేశాక, హాల్లో బండల మీద పరిచాను. వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా మీద పరుద్దామనుకుంటే అత్తమ్మ వద్దన్నది. సూది జంపఖానాను కూడా పట్టుకుంటుందట. మూలలకు బియ్యం డబ్బాలు పెట్టి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు ముడతలు తోస్తూ పోవాలి. ఆ తర్వాత జానెడు దూరంలో కచ్చా కుట్లు, అంటే తర్వాత విప్పేసే పొడుగు కుట్లు. ఇది బోర్ కొట్టే పనే, కానీ వదిలేస్తే పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయి.

చేతి కుట్టు కూడా మధ్య వరుస నుంచే మొదలుపెట్టాలి. అంచుల నుంచి వస్తే నడుమ గుడ్డ ఉబ్బి మిగిలిపోతుంది. లావు నూలు దారంతో, పావు అంగుళం కుట్టు, వరుసకూ వరుసకూ మూడు వేళ్ళ ఎడం. దారం చివరి ముడిని పై పొర కిందికి పోనిచ్చి చిన్నగా గుంజితే టప్‌మని లోపలికి దూరుతుంది, కనపడదు. ఆ చప్పుడు కోసమే కొన్ని వరుసలు కుట్టానంటే నమ్మండి. కుదురు చిక్కి వరుసలు దగ్గరికి తెస్తుంటే అత్తమ్మ చూసి, "గంత దగ్గర దగ్గర కుట్టకు బిడ్డా, కట్టెలెక్క అయితది" అన్నది. నిజమే, కుట్టు ఎంత ఒత్తుగా ఉంటే బొంత అంత బిగుసుకుంటుంది, ఒంటికి వాలదు. మిషన్ కుట్టు నాకు నచ్చనిదీ అందుకే. అంచులకు మాత్రం మిషన్ వాడాను. పొడుగు వైపులు చీర అంచులే కాబట్టి దారాలు ఊడవు. ఒక చివర మడత వచ్చింది, రెండో చివరకు గుడ్డ ముక్కతో పట్టీ వేశాను.

పూర్తయ్యాక తూస్తే కిలో కూడా లేదు. వాషింగ్ మెషిన్‌లో వేసినా ఏం కాలేదు. డాబా మీద ఆరేస్తే మధ్యాహ్నం ఎండకు చూస్తుండగానే ఆరిపోతుంది. మా ఆడబిడ్డ తనకూ ఒకటి కావాలని సంచి నిండా చీరలు తెచ్చింది. సగం సింథటిక్‌వే. అవి పక్కన పెట్టి, ఇంకో రెండు కాటన్ చీరలు వెతికి తెమ్మన్నాను.