ముక్కు తెరుచుకుంటేనే ముద్ద దిగేది

మా పిల్లి నల్లోడికి జలుబు చేసింది. మామూలు పిల్లికైతే వారం పది రోజుల్లో అదే పోతుంది. కానీ నల్లోడికీ, వాడితో పాటే పుట్టిన బుజ్జికీ ఫెలైన్ లుకేమియా వైరస్ ఉంది. ఆ వైరస్ ఉన్న ఒంట్లో జలుబు అంటే గోరుచుట్టు మీద రోకటిపోటే.

కూనలుగా ఇంటికి తెచ్చినప్పుడే రక్తపు చుక్కతో పరీక్ష చేయించాం. రక్తంలో పీ27 అనే వైరస్ ప్రోటీన్ ఉందో లేదో చూసే కిట్ అది. ఇద్దరికీ పాజిటివ్. తల్లి నుంచే వచ్చి ఉంటుందన్నారు. ఒకరినొకరు నాక్కోవడం, ఒకే గిన్నెలో తినడం, కాట్లాటలు... లాలాజలం ఎలా చేరినా చాలు, అంటుకుంటుంది. ఇది రెట్రోవైరస్, అంటే తన జన్యువుల్ని పిల్లి కణాల్లోనే కలిపేసే రకం. 1964లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో విలియం జారెట్ బృందం కనిపెట్టింది. పేరు వినగానే అందరికీ రక్త క్యాన్సరే గుర్తొస్తుంది గానీ, రక్తహీనత, రోగనిరోధక శక్తి పడిపోవడం కూడా దీని పనులే. మనుషులకు అంటదు. ఈ ముక్క మా పిన్నికి ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పానో! "చిన్నపిల్లలున్న ఇల్లు కదే, లుకేమియా అంటున్నావు, భయం లేదూ?" అని ఆవిడ ప్రతిసారీ అడుగుతూనే ఉంటుంది.

మేం మొదట చూపించుకున్న డాక్టర్ రిపోర్టు చూసి, "నిద్రపుచ్చేయడం మంచిది, మీకూ బాధ తప్పుతుంది" అన్నాడు. ఆయన అలా అంటున్నప్పుడు ఈ రెండూ ఆయన టేబుల్ మీద స్టెతస్కోప్ గొట్టం కోసం కొట్టుకుంటున్నాయి. తింటూ ఆడుకుంటున్న జీవాన్ని కాగితం చూసి చంపడమేమిటని నాకు ఆ రోజే అనిపించింది, ఇప్పటికీ అదే అనిపిస్తుంది. వైరస్ ఒంట్లో స్థిరపడిన పిల్లుల్లో చాలావరకు మూడేళ్లలోపే పోతాయన్నది నిజమే. ఆ మాట తెలిసే తిరిగి ఇంటికి తెచ్చుకున్నాం. బయట తిరగనివ్వలేదు, పచ్చి మాంసం పెట్టలేదు, ఆరు నెలలకోసారి రక్తపరీక్ష మానలేదు. డాక్టర్‌ని మాత్రం మార్చాం.

జలుబు తుమ్ములతో మొదలైంది. మర్నాటికి ఒక కన్ను సగం మూసుకుపోయి పుసి కట్టింది. ఆ తర్వాత ముక్కులోంచి పచ్చటి చీమిడి. ఇవేవీ నన్ను అంతగా భయపెట్టలేదు. గిన్నె దగ్గర చూసిందే భయపెట్టింది. ఆకలేసి పరుగున వచ్చాడు, గిన్నెలోకి వంగాడు, వాసన చూశాడు, మళ్లీ చూశాడు. ఏమీ తెలియనట్టు నా మొహంకేసి చూసి వెళ్లిపోయాడు. పిల్లి ముక్కుతో తింటుంది. వాసన తగలకపోతే దానికి గిన్నెలో ఉన్నది తిండే కాదు.

లంఖణం పరమౌషధం అంటారు మన పెద్దలు. పిల్లి విషయంలో ఆ మాట తలకిందులు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి పేరుకుంటుంది. అప్పుడు జలుబు వల్ల కాదు, కాలేయం చెడి ప్రాణం పోతుంది.

కొత్త డాక్టర్‌గారు ముందు జ్వరం చూశారు. పిల్లికి 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు మామూలే, వీడికి 104 ఉంది. మెడ మీది చర్మం లాగి వదిలితే మెల్లగా సర్దుకుంటోంది, అంటే ఒంట్లో నీరు తగ్గింది. నాలుక అంచున చిన్న పుండు. పిల్లుల జలుబుల్లో ఎక్కువ శాతానికి హెర్పిస్ వైరస్సో, కాలిసి వైరస్సో కారణమట. పుండు ఉంది కాబట్టి కాలిసి మీదే అనుమానం ఎక్కువన్నారు. తర్వాత పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు. నల్ల పిల్లికి చిగుళ్ల మీద కూడా నల్ల మచ్చలుంటాయి, మచ్చ లేని చోటు వెతికి చూడాలి. అక్కడ గులాబీ రంగు లేదు, పాలిపోయి ఉంది. రక్తంలో ఎర్రకణాల శాతం 22. కనీసం 30 దాకా ఉండాల్సింది. లుకేమియా పిల్లుల్లో ఎర్రకణాలకు అతుక్కుని బతికే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా కూడా తరచూ దూరుతుందని ఆ పరీక్షకీ పంపారు. అది లేదని తేలింది.

నాకున్న టెన్షనంతా ఆ 22 మీదే. "ఎక్కించాల్సి వస్తుందా రక్తం?" అని అడుగుతూనే ఉన్నాను. ఆయన ఒకటే మాటన్నారు: "ఇంకా తగ్గితే చూద్దామండీ. ముందు వీడి ముక్కు తెరుచుకోవాలి, వీడు తినాలి. ఆ రెండూ మీ చేతుల్లో పనులు, నా చేతుల్లోవి కావు."

చర్మం కింద సెలైన్ ఎక్కించి, నొప్పికి మందిచ్చి, డాక్సీసైక్లిన్ రాశారు. యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు. కానీ వైరస్ పాడుచేసిన ముక్కులోకి బ్యాక్టీరియా చేరుతుంది, లుకేమియా పిల్లి దాన్ని సొంతంగా ఆపలేదు. ఈ మాత్రతో ఒక చిక్కుంది. పొడిగా మింగిస్తే అన్నవాహికలో ఇరుక్కుని అక్కడే పుండు చేస్తుంది, తర్వాత ఆ గొట్టం సన్నబడి ముద్ద దిగకుండా పోవచ్చు. అందుకని మాత్ర వేసిన ప్రతిసారీ సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు పట్టించాం. మందుల చీటీలో ఈ సంగతి ఎందుకు రాయరో నాకు అర్థం కాదు.

ఇంట్లో పని ముక్కుతోనే మొదలయ్యేది. నల్లోడిని క్యారియర్‌లో కూర్చోబెట్టి, పైన తువ్వాలు కప్పి, నీటిని సన్నటి తుంపరగా మార్చే నెబ్యులైజర్ గొట్టం లోపలికి పెట్టేదాన్ని. ఉత్త సెలైన్, ఇంకేమీ కలపకుండా, పది పదిహేను నిమిషాలు. మిషన్ చప్పుడుకి మొదట్లో రంకెలేశాడు, తర్వాత్తర్వాత లోపలే కునుకు తీసేవాడు. బయటికి రాగానే వరసగా తుమ్ములు, గోడ మీద దాకా. అదే కావాల్సింది. గోరువెచ్చటి నీళ్లలో తడిపిన దూదిని గట్టిపడిన చీమిడి మీద కాసేపు అలా ఉంచితే నాని ఊడొస్తుంది, గీకితే రక్తమొస్తుంది. కళ్లకు లోపలి మూల నుంచి బయటికి, ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకుండా.

ఆ వెంటనే తిండి. ముక్కు తెరుచుకుని ఉండేది కాసేపే కాబట్టి గిన్నె ముందే సిద్ధంగా ఉండాలి. తడి ఆహారాన్ని ఒంటి వేడి దాకా వెచ్చబెట్టి, వేడి సమంగా ఉందో లేదో వేలుతో కలిపి చూసి పెట్టేదాన్ని. వెచ్చగా ఉంటే వాసన లేస్తుంది. మొదట్లో అదీ ముట్టలేదు. అప్పుడు సిరంజి. నా ఒళ్లో, మొహం అవతలికి తిప్పి, తల వెనక్కి వంచకుండా, పెదవి పక్క సందులోంచి ఒక మిల్లీలీటరు. మింగేదాకా ఆగడం, గొంతు కదలిక చూడడం, మళ్లీ ఒకటి. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అటు పడుకుంటే ఊపిరి లెక్కపెట్టడం. డొక్క ఒకసారి లేచి దిగితే ఒక శ్వాస, నిద్రలో నిమిషానికి 30 దాటకూడదు. నోరు తెరిచి రొప్పితే మాత్రం గడియారం చూడకుండా క్యారియర్ అందుకోమన్నారు. ఆ అవసరం రాలేదు.

సలహాలకు కొదవ లేదు. జ్వరానికి పారాసెటమాల్ ముక్క వేయమన్నవాళ్లున్నారు. అది పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఛాతీకి బామ్ రాయమన్నారు. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది, కర్పూరం, నీలగిరి తైలం కడుపులోకి పోతాయి. లైసిన్ పొడి మంచిదని చెప్పినవాళ్లయితే లెక్కలేదు. పరిశోధనల్లో దానివల్ల ఉపయోగం కనబడలేదని డాక్టర్‌గారు తీసిపారేశారు. నేనూ వాడలేదు.

ఈలోగా బుజ్జీ తుమ్మింది, తప్పదు మరి. మాకు ఇంకో పాత పిల్లి ఉంది, పేరు అవ్వ. దానికి లుకేమియా లేదు, టీకా వేయించాం, మొదట్నుంచీ వేరే గదే. లుకేమియా వైరస్ బయట గంటల్లో చచ్చిపోతుంది, మామూలు సబ్బుకే లొంగుతుంది. కాలిసి అలా కాదు, గిన్నెల మీదా, బట్టల మీదా రోజుల తరబడి బతికి ఉంటుంది. అందుకే ఒకటికి 32 పాళ్ల నీళ్లు కలిపిన బ్లీచ్‌తో తుడవడం, ముందు అవ్వకు తిండి పెట్టి తర్వాతే ఈ గదిలోకి రావడం, వస్తే వేరే చొక్కా. ఈ కాపలాలో మా ఆయన నాకంటే గట్టి. నన్నే గుమ్మం దగ్గర ఆపి, "చేతులు కడిగావా?" అని అడిగేవాడు.

బుజ్జికి తుమ్ములతోనే సరిపోయింది. నల్లోడు మాత్రం బాగా సతాయించాడు. ఒకరోజు సిరంజి నింపుతుంటే, సింక్ పక్కన పెట్టిన డబ్బాలోకి తలదూర్చి నాకుతున్నాడు. ఆపలేదు, డబ్బా ఖాళీ అయ్యేదాకా కదలకుండా నిలబడ్డాను. ఆ రోజు నుంచి సిరంజి వాడకం తగ్గుతూ పోయింది. పుండు మానింది. తర్వాతి రక్తపరీక్షలో ఎర్రకణాలు 27కి వచ్చాయి. ఒంట్లో వాపు తగ్గాక, రక్తకణాలు తయారుచేసే ఎముక మూలుగ మళ్లీ పనిలో పడిందన్నారు.

ఆ పరీక్షలతో పాటే లుకేమియాది కూడా మళ్లీ చేశారు. నల్లోడికి పాజిటివే. బుజ్జికి మాత్రం పీ27 నెగెటివ్ వచ్చింది, పీసీఆర్‌లో వైరస్ జన్యుపదార్థం ఉందని వచ్చింది. దాని ఒళ్లు వైరస్‌ని పూర్తిగా తరిమెయ్యలేదు గానీ నోరు మూయించి కూర్చోబెట్టింది. రోగనిరోధక శక్తి దెబ్బతింటే మళ్లీ లేవొచ్చు కాబట్టి, చాలా అవసరమైతే తప్ప ఆ శక్తిని తగ్గించే స్టెరాయిడ్లు వద్దని దాని ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాశారు. ఒకే కాన్పులో పుట్టి, ఒకే గిన్నెలో తిన్న ఇద్దరికీ ఇంత తేడా ఏమిటని అడిగితే డాక్టర్‌గారు భుజాలెగరేశారు.

నల్లోడి ముక్కులో గురగుర పూర్తిగా పోలేదు. లోపలి సున్నితమైన ఎముకలు దెబ్బతిని ఉంటాయి, ఇది ఉండిపోతుందన్నారు. వాతావరణం మారినప్పుడల్లా నెబ్యులైజర్ బయటికి వస్తుంది. ఇప్పుడు చల్లటి తిండి వాసన కూడా వాడికి శుభ్రంగా తెలుస్తుంది. అయినా వెచ్చబెట్టనిదే ముట్టడు, గిన్నె పక్కన కూర్చుని నన్ను పిలుస్తాడు. వాడిని చూసి బుజ్జీ నేర్చుకుంది.