బరంపురంలో ఉండి తెలుగు ఎడిటింగ్ నేర్చుకున్న వైనం

నా మొదటి ఉద్యోగం బరంపురంలో ఒక డీటీపీ సెంటర్లో. ఇక్కడి తెలుగు ఇళ్లలో పెళ్లి శుభలేఖలు చాలామంది రెండు లిపుల్లో వేయిస్తారు, ఒకవైపు ఒడియా, ఇంకోవైపు తెలుగు. బడిలో నేను చదివింది ఒడియా మాధ్యమం. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర దిద్దుకున్నాను. రెండు వైపులా కంపోజ్ చేయగలనని నన్ను పనిలో పెట్టుకున్నారు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగు టైపుకు వాడే 'అను' ఫాంట్లు అక్కడే పట్టుబడ్డాయి.

కంపోజింగ్ నుంచి ప్రూఫులకు, ప్రూఫుల నుంచి ఎడిటింగ్‌కు రావడానికి ఏళ్లు పట్టింది. మధ్యలో దూరవిద్యలో తెలుగు ఎం.ఎ. చేశాను. డిగ్రీ అక్కరకు వచ్చింది కానీ, నాకు అసలు చదువు చెప్పింది నిఘంటువులే. శబ్దరత్నాకరం, బ్రౌణ్య నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇప్పుడు ఆంధ్రభారతి సైటులో ఒకేచోట వెతుక్కోవచ్చు. తెలుగు గ్రంథాలయానికి దూరంగా బతికే మాలాంటివాళ్లకు అది ఎంత మేలో మాటల్లో చెప్పలేను.

అన్నిటికన్నా శ్రమపెట్టింది యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒక్కో అక్షరానికి ఒకే సంకేతం ఉండే పద్ధతి. అను ఫాంట్లలో తెరమీద తెలుగు కనిపిస్తుంది గానీ, కంప్యూటర్ లోపల ఉండేవి వేరే గుర్తులు. ఫాంటు మారిస్తే చదవడానికి ఏమీ మిగలదు. అలాంటి పాత ఫైలును కన్వర్టర్ అనే ప్రోగ్రాం చాలావరకు సరిగానే యూనికోడ్‌లోకి మారుస్తుంది. మిగిలిన కొద్దిపాటిలోనే మన పని ఉంటుంది. ఒక ఒత్తు జారిపోతుంది, రెండు మాటలు అతుక్కుపోతాయి. 'సాఫ్ట్‌వేర్'లో టకారానికి వకారం ఒత్తుగా చేరి 'సాఫ్ట్వేర్' అవుతుంది. వాటిని విడదీయాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనబడని గుర్తు పెట్టాలి. అది పెట్టిన మాటను, పెట్టని మాటను వెతికేటప్పుడు కంప్యూటర్ రెండు వేర్వేరు మాటలుగా చూడవచ్చు. అందుకే ఏ పుస్తకం మొదలుపెట్టినా ముందు ఒక పట్టిక రాసుకుంటాను. ఏ మాట ఎలా రాయాలో, అంకెలు ఎక్కడ వాడాలో, ఊళ్ల పేర్లు ఏ రూపంలో ఉండాలో అన్నీ అందులోనే.

ఊళ్ల పేర్ల దగ్గర సరిహద్దు బతుకు నాకు కలిసివచ్చింది. బరంపురం ఉన్న గంజాం ప్రాంతం 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒరిస్సా ప్రావిన్సులోకి వెళ్లింది. ఒరిస్సా 2011లో ఒడిశా అయింది. చరిత్ర పుస్తకంలో ఏ పేజీలో ఏ పేరు నిలపాలో తేల్చవలసింది ఎడిటరే.

ఈ వయసులో ఇంకా కోర్సులెందుకని చుట్టాలు అడుగుతుంటారు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూనే గిడుగు రామమూర్తి గారు ప్రైవేటుగా బి.ఎ. పూర్తిచేశారు, సవర భాష నేర్చుకున్నారు. ఆయన సవర–ఇంగ్లిషు నిఘంటువు 1938లో వెలువడేనాటికి ఆయనకు 70 దాటాయి. మా ప్రాంతంలో ఆయన నడిచి వెళ్లాక నాకు వేరే ఆదర్శం దేనికి? పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ నేను నేర్చుకున్నది కూడా జుట్టు నెరిశాకే. ఇప్పుడు ఈ-పుస్తకాలు తయారుచేసే ఈపబ్ పద్ధతి నేర్చుకుంటున్నాను.

మొన్న రాయగడ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. "నేను తెలుగు బడిలో చదవలేదండీ, ప్రూఫులు దిద్దడానికి పనికొస్తానా?" అని అడిగింది. ఒక పాత అను ఫైలు, దాన్ని మార్చిన యూనికోడ్ ఫైలు, నా పట్టిక పంపాను. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకుని మొదటి పది పేజీలు దిద్ది పంపమన్నాను.