తల అరిగిన స్క్రూ ఎట్టకేలకు ఊడింది

పని ఇప్పుడే అయింది. మళ్లీ మర్చిపోకముందే రాసేస్తున్నాను.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చమంటారు. నా బండిలో అది ముదురు గోధుమ రంగుకి తిరిగింది. ముందు బ్రేక్ మాస్టర్ సిలిండర్ (హ్యాండిల్ మీద లివర్ దగ్గర, బ్రేక్ ఆయిల్ ఉండే పార్టు) మూతకి రెండు స్క్రూలు. ఒకటి ఇట్టే వచ్చేసింది. రెండోదాని తల మీద నాలుగు గాడులూ అరిగిపోయి గుండ్రటి గుంట మిగిలింది. కిందటిసారి సర్వీసింగ్ చేసిన మెకానిక్ చేసిన పని అది. చేతికందిన స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి, జారుతున్నా ఆపకుండా బలంకొద్దీ బిగించాడు.

బండి అదే షాపుకి తీసుకెళ్లాను. "ఇది రాదు సార్, మాస్టర్ సిలిండర్ మొత్తం మార్చాలి" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. "ఇంట్లో కెలికి తెస్తారు, తర్వాత మా ప్రాణాలు తీస్తారు" అని అక్కడున్న నలుగురికీ వినపడేలా అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పాడుచేసింది వాళ్లు, మాట పడింది నేను. ఒక్క స్క్రూ కోసం మొత్తం పార్టు మార్చమనేవాళ్ల చేతికి దయచేసి బండి ఇవ్వకండి.

నా బండిలాంటి జపాన్ కంపెనీల బళ్లలో చాలా ప్లస్ స్క్రూలు జేఐఎస్ అనే జపాన్ ప్రమాణం ప్రకారం చేసినవి. చాలావాటి తల మీద గాడి పక్కన చిన్న చుక్క ఉంటుంది, అదే గుర్తు. మామూలు ఫిలిప్స్, అంటే షాపుల్లో దొరికే స్టార్ స్క్రూడ్రైవర్ మొన వాటి అడుగుదాకా దిగదు. గట్టిగా తిప్పగానే పైకి జారి గాడిని చెక్కేస్తుంది. ఏళ్ల తరబడి బళ్లు విప్పేవాళ్లు ఇది పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధనిపిస్తుంది.

స్క్రూకీ స్క్రూడ్రైవర్‌కీ మధ్యలో రబ్బర్ బ్యాండ్ పెట్టి తిప్పమంటారు. ఇంత బిగిసినదానికి అది పనికిరాదు. వేడి చేస్తే అల్యూమినియం బాడీ ఉక్కు స్క్రూకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి మర వదులవుతుంది. ఇంజిన్ కవర్ దగ్గరైతే చేయొచ్చు గానీ, ఇక్కడ మూత కిందే రబ్బరు, మండే గుణమున్న బ్రేక్ ఆయిల్. తుప్పు వదిలించే స్ప్రే కూడా ఇక్కడ కొట్టకండి. పెట్రోలియం నూనె లోపలికి చేరితే బ్రేక్ సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఎక్స్‌ట్రాక్టర్ (స్క్రూకి రంధ్రం చేసి, అందులో దించి వెనక్కి తిప్పే పనిముట్టు) జోలికి నేను పోలేదు. ఇంత సన్నటి స్క్రూలో అది విరిగిందంటే, ఆ గట్టి ఉక్కుని మామూలు డ్రిల్ బిట్ తొలవలేదు.

చివరికి స్క్రూ తలనే తొలిచి తీసేయాలని నిర్ణయించుకున్నాను. ట్యాంక్ మీద మందపాటి తడిగుడ్డ కప్పాను, బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది. స్క్రూ నడిమధ్యలో సెంటర్ పంచ్ అనే మొనదేలిన ఉక్కు కడ్డీతో చిన్న గుంట కొట్టాను. ముందు సన్న బిట్‌తో దారి చేసి, తర్వాత 4 మిల్లీమీటర్ల స్క్రూకి 4.5 బిట్ పెట్టి, మెల్లగా, నిలువుగా తొలిచాను. బిట్ మొనకి గ్రీజు రాస్తే రజను దానికే అంటుకుంటుంది. కాసేపటికి తల ఉంగరంలా ఊడి బిట్‌తో పాటు తిరగడం మొదలైంది. ఆ క్షణంలో కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు!

రజనంతా తుడిచాకే మూత ఎత్తాను. స్క్రూ మొండెం మూత మందమంత పైకి నిలబడి ఉంది. వైస్ గ్రిప్‌తో (బిగించి పట్టే పటకారుతో) పట్టుకుని తిప్పితే పెద్దగా బలం పెట్టకుండానే కదిలింది. అసలు బిగువంతా తల మూతని నొక్కుతున్న చోటే ఉంది, తల పోగానే ఆ ఒత్తిడి పోయింది. స్క్రూ మరల నిండా తెల్లటి పొడి, అల్యూమినియం తుప్పు. ఆ షాపువాళ్లు కాదన్న పని నా చేత్తో చేశాను, గర్వంగానే చెబుతున్నాను.

కొత్త స్క్రూలు అలెన్ తలవి (తల మీద ఆరు పలకల గుంట ఉండేవి) వేశాను. మూతలో స్క్రూ తల కూర్చునే చోటు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి కౌంటర్‌సంక్ రకమే, అంటే తల అడుగు ఏటవాలుగా ఉండేవే, కొనండి. మరలకి పట్టేయకుండా ఉంచే యాంటీ సీజ్ పేస్టు కొద్దిగా రాసి, మాన్యువల్‌లో ఉన్నంతే బిగించాను. ఈ స్క్రూలకి సాధారణంగా 1.5 నుంచి 2 న్యూటన్ మీటర్లు చాలు, అంటే రెండు వేళ్లతో తిప్పే బలం. ఆయిల్ మార్చి బ్రేక్ పైపుల్లోని గాలి తీశాను, లివర్ గట్టిగా ఉంది. వెనక బ్రేక్ మూతకీ ఇవే ప్లస్ స్క్రూలు ఉన్నాయి, రేపు జేఐఎస్ బిట్‌తో వాటి పని పడతాను.