కొడితే డొల్ల శబ్దం

మొన్న ఒక సినిమా సెట్‌లోకి వెళ్లే అవకాశం దొరికింది. కథ ప్రకారం అది కోటీశ్వరుడి ఇల్లు. హాల్లో నిలువెత్తు పాలరాతి స్తంభం చూసి ఆగలేక చెయ్యి వేశాను. చల్లగా తగల్లేదు. వేలితో కొడితే డొల్ల శబ్దం! ప్లైవుడ్ మీద పెయింట్. రాతిలో నరాల్లాంటి ఆ సన్నటి గీతల్ని పక్షి ఈకతో కూడా గీస్తారట. అద్దాల బీరువాలో పుస్తకాలన్నీ ఉత్త అట్టలే, లోపల ఒక్క పేజీ లేదు. (కొందరి ఇళ్లలోనూ అంతేలెండి.)

ఇంటికొచ్చి 2019 నాటి కొరియన్ సినిమా ‘పారసైట్’ మళ్లీ పెట్టుకున్నా. అందులో డబ్బున్నవాళ్ల ఇల్లూ సెట్టే. కింది అంతస్తు, తోట ఆరుబయట వేశారు, పై అంతస్తు స్టూడియోలో. ఈసారి కథ వదిలేసి గదులే చూశాను. బంగారు పూతల హంగామా ఏమీ లేదు. బోలెడంత ఖాళీ, గోడంత అద్దం, దానవతల పచ్చిక. అదే పేదవాళ్ల ఇంట్లోనైతే సామాను మధ్య మనిషి మసలడమే కష్టం.

ఇక ఏ సినిమాలో బంగళా కనిపించినా హీరో మీద చూపు నిలవట్లేదు. ఆ స్తంభం మోగుతుందా లేదా అనే నా టెన్షన్!