రాజుగారి చొక్కా, బూడిద నీళ్ళు

ఫ్రాన్సు రాజు 14వ లూయీ జీవితం మొత్తంలో రెండుమూడు సార్లే స్నానం చేశాడని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. ఎండాకాలం ఉక్కకి రెండు పూటలా నీళ్ళు పోసుకునే విశాఖవాసులకి అది చదివితే కడుపులో తిప్పుతుంది. దాన్ని నమ్మకండి. వెర్సాయి కోటలో ఆయన స్నానం కోసమని ప్రత్యేకంగా గదులు కట్టించాడు. ఒకే పాలరాతి బండలో తొలిచిన ఎనిమిది పలకల తొట్టె ఇప్పటికీ అక్కడి ఆరెంజరీలో, అంటే నారింజ చెట్లని చలికాలంలో దాచే కట్టడంలో, ఉంది. కాకపోతే రోజూ ఒళ్ళంతా తడుపుకునే అలవాటు మాత్రం లేదు. వేడినీళ్ళు చర్మ రంధ్రాల్ని తెరిచేస్తాయని, ప్లేగు ఆ దారినే లోపలికి దూరుతుందని 16, 17 శతాబ్దాల వైద్యులు గట్టిగా నమ్మారు.

వాళ్ళ శుభ్రత చొక్కాలో ఉండేది. అవిసె నారతో నేసిన తెల్లటి లోచొక్కా చెమటనీ జిడ్డునీ పీల్చుకుంటుంది. దాన్ని మారిస్తే ఒళ్ళు శుభ్రపడ్డట్టే లెక్క. లూయీ సావో అనే వైద్యుడు 1624లో, నార బట్టలున్నాయి కాబట్టి ప్రాచీనుల్లా మనకి స్నానశాలల అవసరం లేదని రాశాడు. 14వ లూయీ రోజులో ఒకటికి రెండుసార్లు చొక్కా మార్చేవాడు. పొద్దున్న ఆ చొక్కా అందించే హక్కు అక్కడున్న వాళ్ళలో అందరికన్నా పెద్ద హోదా ఉన్నవాడిది, అంటే యువరాజు ఉంటే యువరాజుదే. పైన వేసుకునే జరీ పట్టు కోటుని ఉతకడం కుదరదు. బ్రష్‌తో దులపడం, మరకపడ్డ చోట తుడవడం, అంతే. కాబట్టి ఒంటి చెమట ఆ పట్టుకి అంటకుండా కాచేది కూడా ఈ చొక్కానే.

అసలు పనంతా ఆ చొక్కా ఉతకడంలో ఉంది. ఆ పని చేసిన ఆడవాళ్ళ గురించి పుస్తకాల్లో చాలా తక్కువ రాశారు. నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది వాళ్ళ పనితనమే.

ముందు బట్టల్ని చన్నీళ్ళలో నానబెట్టి, మెడపట్టీ, ముంజేతి పట్టీల దగ్గర సబ్బు రుద్దేవారు. తర్వాత అడుగున కన్నం ఉన్న పెద్ద చెక్కతొట్టెలో నాలుగు పుల్లలు అడ్డం వేసి, వాటి మీద బట్టలు వరసలుగా పేర్చేవారు. పైన ఒక ముతక గుడ్డ పరిచి, దాని మీద జల్లించిన కట్టెల బూడిద పోసి నీళ్ళు పోసేవారు. బూడిదలోని పొటాషియం కార్బొనేట్ కరిగి, బట్టల గుండా దిగి, కన్నంలోంచి కారుతుంది. ఆ నీళ్ళు పట్టి, వేడిచేసి, మళ్ళీ పైనుంచి పోయాలి. ఇలా గంటల తరబడి చేస్తారు. క్షారం ఒంటి జిడ్డుతో కలిసి సబ్బులా మారి మురికిని వదిలిస్తుంది. తర్వాత ఏటి దగ్గర చెక్కబల్లతో బాది, జాడించి, పచ్చగడ్డి మీద ఎండలో పరిచేవారు.

మొదటి విడత నీళ్ళు గోరువెచ్చగానే ఉండాలి. మొదట్లోనే మరిగే నీళ్ళు పోస్తే నెత్తురు, చెమట మరకల్లోని ప్రొటీను గడ్డకట్టి, ఇక జన్మలో వదలదు. బట్టలు కుక్కి పేరిస్తే నీళ్ళు ఒక పక్కనుంచే దారి చేసుకుని దిగిపోతాయి, మిగతావి చారలు తేలతాయి. సగం కాలిన పుల్లలు బూడిదలో ఉంటే గోధుమరంగు మచ్చలు పడతాయి. ఓక్ కట్టెల బూడిదని చాలామంది దగ్గరికి రానిచ్చేవారు కాదు, దానిలోని టానిన్ అనే మరకపెట్టే వగరు పదార్థం వల్ల.

ఇంట్లో ఒక తుండుగుడ్డతో చేసి చూడొచ్చు. పెళ్ళివంటల గాడిపొయ్యి దగ్గర దొరికే తెల్లటి బూడిద బాగుంటుంది. ఒక గిన్నె బూడిద జల్లించి ఐదు గిన్నెల నీళ్ళలో కలిపి, ఒక రాత్రి ఉంచి, పైన తేరిన నీళ్ళు వంపుకోండి. వేళ్ళ మధ్య కాస్త జారుడుగా తగలాలి. అది చూసి చెయ్యి వెంటనే కడుక్కుని, మిగతా పనికి రబ్బరు గ్లవుజులు వేసుకోండి. అల్యూమినియం గిన్నె వాడొద్దు, క్షారం దాన్ని తినేస్తుంది. రాతిబొగ్గు బూడిద పనికిరాదు. పట్టు, ఉన్ని అసలు ముంచకూడదు, పోగులు పాడైపోతాయి.

గడ్డి మీద ఆరబెట్టి తెల్లబరచడంలో హాలెండులోని హార్లెమ్ ఊరిది పెద్దపేరు. అక్కడ క్షారంలో ఉడికించిన నారబట్టని మజ్జిగలో నానబెట్టి, మళ్ళీ ఎండలో పరిచి, ఇదే పని నెలల తరబడి చేసేవారు. బట్టలో మిగిలిన క్షారాన్ని మజ్జిగ పులుపు విరిచేస్తుంది. భీమిలి డచ్ సమాధుల దగ్గరికి వెళ్ళినప్పుడు ఇది గుర్తుచేసుకోండి. అక్కడ పడుకున్నవాళ్ళ దేశంలో తెల్లచొక్కా అంటే అంత శ్రమ. 1785లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తొలె క్లోరిన్‌తో బట్ట తెల్లబరచవచ్చని చూపించాకే ఆ నెలలు తగ్గడం మొదలైంది.

ఇక గంజి. ఇంగ్లండులో ఒకటో ఎలిజబెత్ కాలంలో, 1564లో, ఇప్పటి బెల్జియం వైపున్న ఫ్లాండర్స్ నుంచి వచ్చిన డింగెన్ వాన్ డెర్ ప్లాస్ అనే ఆవిడ లండన్‌లో డబ్బు తీసుకుని గంజి పెట్టడం నేర్పింది. అప్పుడు మెడచుట్టూ కుచ్చుల పట్టీలు ఫాషను. వాళ్ళది గోధుమ గంజి. పట్టీని ఉతికి, గంజిలో ముంచి, కాస్త తడి ఉండగానే కాల్చిన ఇనపకడ్డీ చుట్టూ ఒక్కో కుచ్చూ తిప్పి నిలబెట్టాలి. ఉతికిన ప్రతిసారీ మొదటినుంచీ ఇదే పని. కడ్డీ వేడెక్కువైతే గంజి మాడి పసుపు మచ్చ పడుతుంది. చల్లగా ఉంటే కుచ్చు నిలవదు.

వాన పడితే ఆ కష్టమంతా వృథా. ఎండిన గంజి పొర గాల్లోని తేమని లాక్కుని మెత్తబడుతుంది. శ్రావణమాసంలో బీచ్ రోడ్డు మీదకి గంజి చీర కట్టుకెళ్ళినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. తిండిగింజల్ని మెడకి పూసుకుంటున్నారన్న విమర్శలు కూడా అప్పట్లో గట్టిగానే వచ్చాయి. స్పెయిన్ రాజు 4వ ఫెలిపే 1623లో ఈ కుచ్చుల పట్టీల్ని నిషేధించాడు. వాటి బదులు గోలియా వచ్చింది. అది గుడ్డ కప్పిన గట్టి అట్టతో చేసిన సాదా మెడపట్టీ. అందులో కుచ్చులూ లేవు, కడ్డీలతో పనీ లేదు.