పదకొండో నిమిషం

మోకాళ్ల నొప్పులకి నాన్న డాక్టరు దగ్గరికి వెళ్లలేదు, యూట్యూబ్ పెట్టాడు. మైకు గుర్తు నొక్కి తెలుగులో అడిగితే చాలని నేర్పింది నేనే, కాబట్టి ఇక్కడ నీతులు చెప్పే మొహం నాకు లేదు.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తు. చుట్టూ అపార్ట్‌మెంట్లే, బాల్కనీలోకి పది నిమిషాలు కూడా ఎండ రాదు. ఎండ తగలనివాళ్లకి డి విటమిన్ తగ్గుతుందనీ, దాంతో ఒళ్లు నొప్పులొస్తాయనీ వీడియోలో చెప్పింది అబద్ధమేం కాదు. నాన్నకి మాత్రం అదంతా తన గురించే చెప్పినట్టు అనిపించింది. రక్తపరీక్ష లేదు ఏం లేదు, సందు చివర మెడికల్ షాపులో 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్లు, పాలల్లో కలుపుకునేవి, అడగ్గానే ఇచ్చేశారు, చీటీ ఊసే లేదు. మామూలుగా వారానికి ఒకటి, అదీ కొన్ని వారాలే వాడమంటారు. మా నాన్న రోజుకొకటి తాగాడు. అయిపోయినప్పుడల్లా ఆఫీసు నుంచి వస్తూ తెచ్చిచ్చింది కూడా నేనే, విటమినే కదా అని.

రెండు నెలలు దాటాక ఆకలి పోయింది. మలబద్ధకం, ఎన్ని నీళ్లు తాగినా దాహం, మాటిమాటికీ బాత్రూమ్. గూగుల్‌లో చూసి షుగరే అని నేను తేల్చేశా (ఆ గుణం ఎక్కడికి పోతుంది). షుగర్ నార్మల్. ఒకరోజు సాయంత్రం ఇవాళ ఏ వారమని అమ్మని మూడుసార్లు అడిగాడు, అప్పుడు భయపడి తీసుకెళ్లాం. కాల్షియం బాగా ఎక్కువ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా పెరిగింది.

"ఏమేం మందులు వాడుతున్నారు?" అంది డాక్టరమ్మ. "ఏం లేవమ్మా" అన్నాడు నాన్న. దాచడం కాదు, ఆయన లెక్కలో అది మందే కాదు. సి విటమిన్ లాంటివి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయట, డి అలా కాదు, కొవ్వులో చేరి నెలల తరబడి ఉండిపోతుంది, తిన్న తిండిలోంచి కాల్షియాన్ని ఎక్కువగా లాగుతుంది, ఆ దెబ్బ కిడ్నీలకి. డెబ్బై దాటినవాళ్లకి రోజుకి 800 యూనిట్లు చాలు. నాన్న తాగింది దానికి 75 రెట్లు.

నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. ఆసుపత్రి కుర్చీలో కూర్చుని ఆ వీడియో మొత్తం చూశాను. 11వ నిమిషంలో స్పష్టంగా చెప్పాడాయన, వారానికి ఒక్కటే, అదీ పరీక్ష చేయించుకున్నాకే అని. నాన్న ఆరో నిమిషంలోనే చెప్పులేసుకుని షాపుకి వెళ్లిపోయాడు.