కేటలాగుకి నాలుగు లైన్లు

బొమ్మ వెయ్యమంటే రాత్రంతా కూర్చునే మా ఆర్టిస్టులు, ఎగ్జిబిషన్ కేటలాగుకి నాలుగు లైన్లు రాయమంటే మాత్రం తప్పించుకు తిరుగుతారు. నిన్న శ్రీకాళహస్తి కలంకారీ వేసే అక్క ఒకామె కాగితం ఇచ్చింది: ‘నా కళ సంప్రదాయానికీ ఆధునికతకూ వారధి.’ ఎవరి బొమ్మ కింద పెట్టినా సరిపోతుంది, అదే దాని జబ్బు.

‘అది పక్కన పెట్టక్కా, నల్లరంగు ఎట్లా చేస్తావో చెప్పు’ అన్నా. ఇంక ఆగితే ఒట్టు! తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి ఊరబెట్టడం, గుడ్డని కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఎండబెట్టడం... ‘పాలు పట్టించకపోతే గీత పాకిపోతాది’ అంది. ఫోన్లో రికార్డు చేసి, ఉన్నదున్నట్టు ఆమె చేతే రాయించా. నేను కొట్టేసింది ‘అద్భుతమైన’ అన్న మాట ఒక్కటే.

మనవాళ్లకి రాత రాదంటే ఒప్పుకోను. అడివి బాపిరాజు గారు బొమ్మలూ వేశారు, నవలలూ రాశారు. సంజీవదేవ్ గారు తుమ్మపూడి అనే పల్లెటూళ్లో ఉంటూనే చిత్రకళ మీద ఎంత రాశారు! ఆర్ట్ కాలేజీల్లో బొమ్మతోపాటు దాని గురించి రాయడం కూడా గట్టిగా నేర్పిస్తే ఏం పోయింది?

అక్క ఇప్పుడు ఎరుపు మీద పడింది. పటిక నీళ్లు పూసినచోటే ఎరుపు ఎందుకు పడుతుందో పొద్దుట్నించీ వాయిస్ నోట్లు పంపుతూనే ఉంది.